మన ముందు కొలిచిన అంకెనే మనం నమ్ముతాం

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల సభ్యుల ఉమ్మడి సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మన పల్లెలకు సర్వేల పేరుతో వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. చేతిలో ట్యాబు ఉంటుంది. ఎన్ని ఎకరాలు, ఎన్ని బోర్లు, ఎంత అప్పు, ఏ పంట అని అడుగుతారు. మీ సంతృప్తికి ఒకటి నుంచి ఐదు వరకు ఎన్ని మార్కులు వేస్తారని కూడా అడుగుతారు. మనం నీళ్ళిచ్చి, మంచమేసి, అడిగినవన్నీ చెబుతాం. ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. కొన్నాళ్ళకు ఏదో ఒక పథకమో, ఫోన్లో పెట్టుకునే యాప్‌వో, బీమా నిబంధనో మన మీదికి వస్తుంది. మనం చెప్పిందానికీ వచ్చిందానికీ పొంతన ఉండదు.

పట్నంలో ఈ పనిని డిజైన్ రీసెర్చ్ అంటారు. ఒక వస్తువునో పథకాన్నో తయారు చేసేముందు, దాన్ని వాడబోయే మనుషులను చదివి, వాళ్ళ అవసరానికి తగ్గట్టు దానికి రూపం ఇవ్వడం అని అర్థం. ఉద్దేశం మంచిదే. ఆ కాగితాల్లో మన పేరు రైతు అని ఉండదు, స్టేక్‌హోల్డర్ అని ఉంటుంది. లాభనష్టాల్లో వాటా ఉన్నవాడు అని దాని అర్థం. నష్టంలో మన వాటా ఎంతో మనకు తెలుసు. లెక్కలో మన వాటా ఎంత అన్నదే ఈ రోజు మాట్లాడుకోవాల్సిన విషయం. అంకెలు చూపితే రైతులు నమ్ముతారని వాళ్ళు అనుకుంటున్నారు. ఎలాంటి అంకెను నమ్ముతామో మనం చెప్పాలి.

అంకెలంటే మనకు భయం లేదు. పుంగనూరు అనగానే బయటివాళ్ళకు పొట్టి ఆవు గుర్తొస్తుంది. మనకు గుర్తొచ్చేది పొద్దునా సాయంత్రమూ పాలకేంద్రం ముందు వరుస. చదువురాని ముసలమ్మ కూడా అక్కడ వెన్న శాతం ఎంత వచ్చిందో చూసి, నిన్నటికంటే రెండు పాయింట్లు తగ్గితే ఎందుకు తగ్గిందని నిలదీస్తుంది. ఆమె ఆ యంత్రాన్ని ఎందుకు నమ్ముతుంది? పాలు ఆమె ముందే పోస్తారు, అంకె ఆమె ముందే పడుతుంది, ఆ అంకెకు ఎన్ని రూపాయలో ఆమెకు ముందే తెలుసు. అనుమానం వస్తే ఇంకోసారి పెట్టమని అడగొచ్చు. అదే యంత్రాన్ని లోపలి గదిలో పెట్టి, తలుపు వేసి, చీటీ మాత్రం బయటికి పంపితే ఆమె నమ్మదు. యంత్రం మారలేదు, చూసే హక్కు పోయిందంతే.

కుప్పం, పలమనేరు వైపు పట్టుపురుగులు పెంచేవాళ్ళకు కూడా ఇది తెలిసిందే. కిలో పట్టు తీయడానికి ఎన్ని కిలోల గూళ్ళు కావాలన్నది ఒక్క అంకె. ఆ అంకె తగ్గేకొద్దీ గూడు మేలైనదని లెక్క. మదనపల్లె మండీలో టమాటా రైతుకు డబ్బా బరువు, డబ్బా ధర తప్ప వేరే మాట అక్కర్లేదు. కాబట్టి రైతులకు లెక్కలు అర్థం కావు, బొమ్మలు చూపండి చాలు అనేవాళ్ళ మాట మనం ఒప్పుకోవద్దు.

మరి అంకె ఎక్కడ నమ్మకం పోగొట్టుకుంటుంది? అందరి ఇళ్ళలో ఉన్న ఉదాహరణ ఒకటి చూడండి. భూసార ఆరోగ్య కార్డుల పథకం 2015లో దేశమంతా మొదలైంది. కార్డు మీద నత్రజని, భాస్వరం, పొటాష్ అంటూ వరుసగా అంకెలు ఉంటాయి. ఆ మట్టి ఎక్కడిది? మొదట్లో ఆ పథకం నిబంధన ప్రకారం నీటి వసతి ఉన్న భూమిలో రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, మెట్ట భూమిలో పది హెక్టార్లకు ఒక నమూనా తీశారు. పది హెక్టార్లంటే దాదాపు 25 ఎకరాలు. మన మెట్టల్లో 25 ఎకరాల్లో ఎంతమంది రైతులు ఉంటారో మీకే తెలుసు. ఒక చేను ఎర్ర దుబ్బ, పక్కది రాతినేల, కిందది చెరువు మట్టి తోలిన నేల. అందరి కార్డు మీదా అవే అంకెలు. దేశమంతటికీ తక్కువ కాలంలో, తక్కువ ఖర్చుతో కార్డులు ఇవ్వాలంటే అలా చేయక తప్పదని వాళ్ళ వాదన. అది అర్థం చేసుకోవచ్చు. కానీ ఇది మీ ఇరవైఐదు ఎకరాల గడికి అంచనా, మీ చేను మాట కాదు అని కార్డు ఇచ్చేటప్పుడు చెప్పి ఉంటే, రైతు దాన్ని అంచనాగా వాడుకునేవాడు. నీ చేను సారం ఇదీ అని చేతికిస్తే, తన చేను తనకు తెలిసినవాడు కార్డును బీరువాలో పెట్టేస్తాడు. అంకె తప్పు అయినందుకు కాదు, అంకె ఎలా పుట్టిందో చెప్పనందుకు నమ్మకం పోయింది.

దీనికి ఎదురు ఉదాహరణ పంటకోత ప్రయోగం. చెనిక్కాయ చేనులో ఐదు మీటర్లకు ఐదు మీటర్లు గీసి, అంతమేర పీకి, కాయలు దూసి తూకం వేస్తారు. ఏ చేను, చేనులో ఏ మూల అన్నది ముందే చీటీల పద్ధతిలో తేలుతుంది. రైతూ ఎంచుకోడు, అధికారీ ఎంచుకోడు. పద్ధతి ప్రకారం, అందరి ముందూ జరిగినచోట ఆ తూకాన్ని ఊరు ఒప్పుకుంటుంది, పరిహారం తక్కువ వచ్చినా సరే. ఆఫీసులో కూర్చుని పట్టిక నింపారని తెలిసినచోట పరిహారం ఎక్కువ వచ్చినా అనుమానం పోదు.

ఇప్పుడు మనకు ప్రాణమైన సంగతికి వద్దాం. బోరు.

మన మూడు ప్రాంతాలదీ ఒకటే నేల, కింద నల్లరాయి. పెద్ద నదులు లేవు. చెరువులు నిండితే సేద్యం, లేకుంటే బోరు. బోరు మీద బోరు వేసి, అప్పు మీద అప్పు చేసి, చివరికి బెంగళూరు బస్సెక్కినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ఈ సమస్య మీద మన రాష్ట్రంలోనే ఒక పని జరిగింది. దాన్ని ప్రపంచంలో చాలామంది చదువుకున్నారు, మనలో చాలామంది మరిచిపోయారు.

1995లో నెదర్లాండ్స్ సాయంతో ఏపీవెల్ అనే పథకం మొదలైంది. చిన్న రైతులకు ఉమ్మడి బోర్లు వేయించడం దాని పని. బోర్లు వేస్తూ పోతే నీళ్ళు ఎక్కడివి అన్న ప్రశ్న అందులోంచే పుట్టింది. ఆ ప్రశ్నకు జవాబుగా 2003 తర్వాత రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల వ్యవస్థల పథకం వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, స్వచ్ఛంద సంస్థల ద్వారా ఏడు కరువు జిల్లాల్లో, ఆరువందలకు పైగా పల్లెల్లో నడిచింది. ఆ ఏడు జిల్లాల్లో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఒకటి.

అందులో ఏం చేశారు? ఎవరికీ బోరు వేయవద్దని చెప్పలేదు. వరి పెట్టవద్దని ఆంక్ష పెట్టలేదు. కొలవడం నేర్పారు. వానమాపకాలు పెట్టి, రోజువారీ వాన రాయడం రైతులకే అప్పగించారు. ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టాన్ని పదిహేను రోజులకొకసారి రైతులే కొలిచారు. బోరు ఎంత పోస్తోందో కొలిచారు. ఆ అంకెలను ఊరి మధ్య పలక మీద రాశారు. వానాకాలం అయ్యాక, రబీ విత్తనం వేయకముందే అందరూ కూర్చుని లెక్క చూశారు. ఇంత వాన పడింది, ఇంత నీరు కిందికి దిగింది, ఇంత తోడాం, ఇంత మిగిలింది, ఎవరెవరు ఏ పంట వేద్దామనుకుంటున్నారు, దానికెంత కావాలి అని. పంట–నీటి బడ్జెట్ అంటే ఇదే. లోటు ఎంతో అందరికీ కనిపించేది. ఆ తర్వాత ఎవరి చేను వాళ్ళ ఇష్టం.

ఫలితం ఏమిటి? 2010లో ప్రపంచబ్యాంకు వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఆ పథకంలోని నీటి పరీవాహక విభాగాల్లో 42 శాతం చోట్ల మూడేళ్ళపాటు వరసగా రబీ నీటి తోడకం తగ్గింది. 51 శాతం చోట్ల కొన్ని ఏళ్ళు తగ్గింది. 7 శాతం చోట్ల మాత్రమే పెరిగింది. పోలీసు లేడు, జరిమానా లేదు. తమ చేత్తో కొలిచిన అంకెను చూసి, లాభం పోగొట్టుకోకుండా తక్కువ నీటి పంటలకు మారినవాళ్ళు అంతమంది ఉన్నారు.

ఆ లెక్కలో ఎంత బలముందో మనమే ఇక్కడ వేసి చూద్దాం. రెండువందల లీటర్ల డ్రమ్ము తీసుకోండి. బోరు నీళ్ళు పట్టండి. వంద సెకన్లలో నిండిందనుకుందాం. అంటే సెకనుకు రెండు లీటర్లు, గంటకు 7,200 లీటర్లు. రోజుకు ఏడు గంటలు నడిస్తే 50,400 లీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరు నిలబెట్టాలంటే సుమారు 4,047 లీటర్లు కావాలి. ఎండకాలంలో పంటకు రోజుకు ఐదు మిల్లీమీటర్లు కావాలనుకుంటే ఎకరానికి దాదాపు 20 వేల లీటర్లు. అంటే ఆ బోరు, ఒక్క చుక్క వృథా కాకపోతే, రెండున్నర ఎకరాలకు సరిపోతుంది. నాలుగు ఎకరాలు పెట్టినవాడు ఎండే పంటకు కూడా ముందే అప్పు తెస్తున్నాడన్నమాట.

ఇంకొకటి చూడండి. చెక్‌డ్యాం కట్టాం, నీటిమట్టం ఒక మీటరు పైకి వచ్చింది అని బోర్డు పెడతారు. మీటరంటే మనకు చాలా అనిపిస్తుంది. కానీ మన రాతినేలలో నీరు నిలిచే ఖాళీ చాలా తక్కువ. వందలో రెండు వంతులు అనుకుంటే, ఎకరం కింద ఒక మీటరు మట్టం పెరిగితే దొరికేది దాదాపు 80 వేల లీటర్లు. మనం ఇందాక వేసిన లెక్కలో అది ఎకరం పంటకు నాలుగు రోజుల నీళ్ళు. బోర్డు మీది అంకె అబద్ధం కాదు. కానీ మీటరును లీటర్లలోకి, లీటర్లను రోజుల్లోకి మార్చి చెబితేనే రైతు నిర్ణయానికి పనికొస్తుంది. పథకం రూపొందించేవాళ్ళు మనకు ఈ భాషలో అంకె చెప్పాలి.

మదనపల్లె ప్రాంతంలో ఉమ్మడి భూముల మీద చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ కూడా ఈ దారిలో ఒక ప్రయత్నం చేసింది. అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థతో కలిసి, 2013–14లో మన రాష్ట్రంలోని పల్లెల్లో ఒక ఆట ఆడించారు. ఆటలో ఒక్కొక్కరు ఒక్కో పంట ఎంచుకోవాలి. ఎక్కువ నీటి పంటకు ఎక్కువ డబ్బు, కానీ అందరి కింద ఉన్న నీరు ఒకటే. ఏడాది మీద ఏడాది ఆడేకొద్దీ నీటిమట్టం ఎలా పడిపోతోందో అంకెల్లో కనిపిస్తుంది. ఆట అయ్యాక అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఆట ఆడిన ఊళ్ళనూ ఆడని ఊళ్ళనూ తర్వాత పోల్చి చూస్తే, ఆడిన ఊళ్ళలో నీటి రిజిస్టర్లు పెట్టుకోవడం, నీటి వాడకానికి కట్టుబాట్లు పెట్టుకోవడం ఎక్కువగా కనిపించిందని పరిశోధకులు రాశారు. ఇక్కడ గమనించాల్సింది ఆ పోలిక. ఏ పనీ చేయని ఊరిని కూడా కొలిచారు. అలా కొలవకపోతే మంచి వాన పడిన ఏడాది ఏ పథకమైనా గెలిచినట్టే కనిపిస్తుంది.

ఇంత మంచి పని జరిగితే ఇప్పుడు ఏమైంది అని మీరు అడుగుతారు. అడగాల్సిందే. భూగర్భజల పథకం ముగిశాక కొన్నేళ్ళకు వెళ్ళి చూసిన పరిశోధకులు చాలాచోట్ల కొలవడం ఆగిపోయిందని రాశారు. పలక మీద పాత అంకెలే మిగిలాయి. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పరికరం పథకానిది, జీతమిచ్చి తిప్పే మనిషి పథకం మనిషి, రిపోర్టు పోయేది పథకం ఆఫీసుకు. పథకం తలుపు మూసుకుంటే కొలతా మూసుకుంది. నమ్మకం ఒకసారి వస్తే ఎల్లకాలం ఉండదు. పొద్దునా సాయంత్రమూ పాలు పోసినట్టు రోజూ కట్టుకోవాలి. అందుకే కొలత సంఘానిదై, ఊరిదై ఉండాలని మనం అంటున్నాం.

ఇక అసలైన అనుమానానికి వద్దాం. సమావేశానికి ముందు చాలామంది ఒకే మాట అన్నారు. మన లెక్క మనమే రాసి ఇస్తే రేపు అదే లెక్కతో మన మెడ పట్టుకుంటారు కదా అని. ఈ భయం ఊరికే రాలేదు. 2020లో ఉచిత విద్యుత్తుకు నగదు బదిలీ పేరుతో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టాలని నిర్ణయించి, శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టారు. ఎంత కరెంటు వాడుతున్నామో తెలియడానికే అన్నారు. రైతు సంఘాలు ఎందుకు వ్యతిరేకించాయి? మీటరు తిరిగితే అంకె పుడుతుంది, ఆ అంకె రేపు బిల్లు అవుతుందేమోనని. ఆ అంకెను దేనికి వాడతారు, దేనికి వాడరు అన్నది రైతు చేతిలో లేదు. అలాగే 2002 నాటి వాల్టా చట్టం కింద ఒక ప్రాంతంలో నీరు అతిగా తోడేశారని ప్రకటిస్తే కొత్త బోర్లకు అడ్డు వస్తుంది. ఆ ప్రకటన వెనుక ఉన్న మట్టం ఏ బోరులో కొలిచారో ఊరివాళ్ళకు తెలియకపోతే, నిజంగా నీరు లేకపోయినా ఎవరూ నమ్మరు.

కొలవకుండా ఉంటే మాత్రం మన మెడ తప్పించుకోగలమా? మన దగ్గర లెక్క లేనప్పుడు వాళ్ళ లెక్కే లెక్క. మన పుస్తకంలో ఇరవై ఏళ్ళ వాన రాసి ఉంటే, బీమావాళ్ళు ఎక్కడో మండల కేంద్రంలోని వానమాపకం చూపి మీ ఊళ్ళో బాగా పడిందన్నప్పుడు పుస్తకం తెరిచి మాట్లాడొచ్చు. లేకుంటే పడలేదు సార్ అని దండం పెట్టడమే. కాబట్టి మీటరు మీద మన అభ్యంతరం అంకె మీద కాదు. అంకె ఎవరి చేతిలో ఉంది, దేనికి వాడతారు అన్న దాని మీద. ఈ తేడా మనం స్పష్టంగా చెప్పగలగాలి.

ఏ అంకె కొలవాలన్నది కూడా మనకు వదలని విషయం. 1990ల చివర్లో కుప్పంలో ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో నమూనా క్షేత్రం పెట్టారు. డ్రిప్పు, కొత్త విత్తనం, కంప్యూటరు చూడటానికి రాష్ట్రమంతా బస్సుల్లో వచ్చింది. ఎకరానికి ఎంత దిగుబడి అన్నది అక్కడ చూపిన అంకె. ఎకరానికి ఎంత పెట్టుబడి, ఎంత నీరు, ఆ నీరు ఎక్కడి నుంచి, సాయం ఆగితే చిన్న రైతు నిలబడగలడా అన్నది విమర్శకులు అడిగిన అంకె. రెండూ అంకెలే. ఒకటి బోర్డు మీద ఉంది, రెండోది చర్చలో ఉండిపోయింది. డ్రిప్పు మంచిదే. 2003 నుంచి సూక్ష్మసేద్య పథకం ద్వారా మనలో చాలామంది వాడుతూనే ఉన్నాం. కానీ డ్రిప్పుతో మిగిలిన నీటితో ఇంకో రెండెకరాలు పెడితే బోరుకు ఒరిగేది ఏమీ లేదు. ఎకరానికి ఎంత ఆదా అన్న అంకె పక్కన, ఊరు మొత్తం ఎంత తోడింది అన్న అంకె కూడా పెట్టాలి.

సరిహద్దు దాటి కోలారు చూడండి. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి 2018 నుంచి అక్కడి చెరువులకు వదులుతున్నారు. ఎండిన చెరువులు నిండాయి, బోర్లలో మట్టం పెరిగింది అన్నది ఒక లెక్క. ఆ నీటిలో ఏముంది, దాన్ని ఇంకో దశ శుద్ధి చేయాలా అన్నది ఇంకో లెక్క. మొదటి లెక్క మాత్రం చూపి రెండోదాని మీద అనుమానం తీర్చకపోతే ఏమవుతుంది? రైతులు కోర్టుకు వెళ్ళారు. నీళ్ళు కావాల్సినవాళ్ళే నీళ్ళ మీద కేసు వేయాల్సి వచ్చింది.

మన హంద్రీ–నీవా సంగతీ అంతే. పుంగనూరు బ్రాంచి కాలువలోంచి కుప్పం బ్రాంచి కాలువ మొదలవుతుంది. అంటే కుప్పం చివర ఉంది. కాలువ మొదట్లో ఇన్ని క్యూసెక్కులు వదిలాం అన్న అంకె పత్రికలో వస్తుంది. ఒక క్యూసెక్కు అంటే రోజుకు దాదాపు 24.5 లక్షల లీటర్లు. వినడానికి బాగుంటుంది. చివరి చెరువు తూము దగ్గర ఎన్ని క్యూసెక్కులు చేరాయన్నదే చివరి రైతు అంకె. ప్రతి చెరువు దగ్గరా కొలబద్ద పెట్టి, ఆ అంకెను రోజూ ఊరివాళ్ళే రాస్తే, పుంగనూరు వాళ్ళు ఆపుకున్నారని కుప్పం వాళ్ళు, పైనుంచే రాలేదని పుంగనూరు వాళ్ళు తగాదా పడాల్సిన పని ఉండదు. తగాదా ఎవరితో పడాలో అప్పుడు తెలుస్తుంది.

సగటు విషయంలో కూడా జాగ్రత్త. పది బోర్లలో రెండు బాగా పోసి, ఎనిమిది ఎండిపోయినా సగటు అంకె బాగానే కనిపిస్తుంది. ఎండిన ఎనిమిదిమంది సగటు తాగలేరు. అందుకని సగటు ఎంత అని మాత్రమే కాదు, ఎంతమందికి సగటుకంటే తక్కువ, అందరికంటే అడుగున ఉన్నది ఎవరు అని అడగాలి. ఎవరిని లెక్కించారన్నది అంతకంటే ముఖ్యం. పట్టాదారు పాసుపుస్తకం చూసి సర్వే చేస్తే కౌలు రైతు లెక్కలోకే రాడు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోరు. అలాగే ఇంటి యజమాని పేరుతో సర్వే చేస్తే, నాటేసి, కలుపు తీసి, పాలు పితికే అక్క మాట ఎక్కడా ఉండదు. లెక్కలో లేని మనిషికి పథకంలో చోటు ఉండదు.

ఇవన్నీ కలిపి మన సంఘం ముందు ఆరు షరతులు పెడుతున్నాం. ప్రభుత్వ శాఖ అయినా, కంపెనీ అయినా, విశ్వవిద్యాలయం అయినా, స్వచ్ఛంద సంస్థ అయినా మన ఊళ్ళో సర్వేకు వస్తే ఇవి అడుగుదాం.

ఒకటి. ఎందుకు కొలుస్తున్నారో, ఆ అంకెను దేనికి వాడతారో, దేనికి వాడరో తెలుగులో రాసి సంతకం పెట్టి ఇవ్వాలి.

రెండు. ఏవి కొలవాలన్నది మనతో కూర్చుని నిర్ణయించాలి. వాళ్ళ దిగుబడి అంకె పక్కన మన ఖర్చు అంకె, అప్పు అంకె, నీటి అంకె ఉండాలి.

మూడు. మన ముందే కొలవాలి. కొలిచే పద్ధతి మనలో కనీసం ఇద్దరికి, అందులో ఒక ఆడమనిషికి, నేర్పాలి. అనుమానం వస్తే ఇంకోసారి కొలవాలి.

నాలుగు. పథకానికి ముందు ఎలా ఉందో కొలిచి పెట్టాలి. పథకం లేని పక్క ఊరును కూడా కొలవాలి. వాన తేడాను లెక్కలో చూపాలి. కచ్చితంగా తెలియనిచోట ఇంత నుంచి ఇంత వరకు అని చెప్పాలి. సుమారు అని చెప్పడం చిన్నతనం కాదు, నిజాయితీ.

ఐదు. సగటుతో పాటు చివరి రైతు, కౌలు రైతు, ఒంటరి మహిళా రైతు లెక్క విడిగా చూపాలి.

ఆరు. వెళ్ళిపోయేముందు అంకెల ప్రతి ఊరికి ఇవ్వాలి. పంచాయతీ గోడ మీద రాయాలి. ఆ అంకెలు చూసి మనం వద్దన్నది పథకంలో ఏది మారిందో మళ్ళీ వచ్చి చెప్పాలి. ఏదీ మారకపోతే, ఇంకోసారి సర్వేకు మంచం వేయాల్సిన పని లేదు.

వాళ్ళను అడగడంతో మన పని అయిపోదు. మన వంతు కూడా ఉంది, ఖర్చు పెద్దగా లేదు. వానమాపకం కొనలేని ఊళ్ళో అడుగు చదునుగా, అంచులు నిటారుగా ఉన్న డబ్బాను బయలులో గట్టిగా నిలబెట్టి, రోజూ ఉదయం ఒకే వేళకు స్కేలు పెట్టి నీటి లోతు చూసినా చాలు. డబ్బా ఎంత వెడల్పైనా ఆ లోతే వాన. నీటిమట్టానికి ఊళ్ళో వాడకుండా వదిలేసిన బోరు ఒకటి ఎంచుకోండి. తాడుకు బరువు కట్టి దించి, తడిసిన గుర్తు వరకు కొలవండి. పక్క బోర్లు నడవని వేళ, తెల్లవారుజామున, పదిహేను రోజులకొకసారి, అదే బోరులో. డ్రమ్ముతో బోరు పోత కొలవడం నెలకొకసారి. మూడూ ఒకే పుస్తకంలో, తేదీతో, కొలిచినవాళ్ళ పేరుతో రాయండి. చదువుకునే పిల్లలకు ఈ పని ఇస్తే సంతోషంగా చేస్తారు.

ధర సంగతి కూడా ఆ పుస్తకంలోనే రాసుకోవచ్చు. 2023 జులైలో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు దేశమంతా మదనపల్లె వైపు చూసింది. మరి కాయలు రోడ్డు మీద పారబోసిన రోజులు ఎన్ని అని ఎవరైనా అడిగితే మన దగ్గర మాట ఉంది, లెక్క లేదు. తేదీ, డబ్బాలు, ధర, కోత కూలి, బండి బాడుగ, చేతికి వచ్చింది అని ఆరు గళ్ళు గీసుకుంటే, రేపు ధరల నిధి గురించో నిల్వ గిడ్డంగి గురించో ఎవరైనా ప్రణాళిక వేసేటప్పుడు మనం ఏడుపుతో కాక పుస్తకంతో వెళ్తాం.

వచ్చే రబీకి ముందు ప్రతి ఊరి శాఖా ఈ పుస్తకం మొదలుపెట్టాలని, అక్టోబరు చివర్లో ఊరంతా కూర్చుని ఒకసారి పంట–నీటి లెక్క చూసుకోవాలని సంఘం కోరుతోంది. సర్వేవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ ట్యాబు పక్కన మన పుస్తకం పెట్టండి. రెండూ కలిస్తే మంచిది. కలవకపోతే తేడా ఎక్కడుందో అక్కడే, ఊరందరి ముందూ, మళ్ళీ కొలుద్దాం.